చేతులు చూపేవారు, చూపు నేర్పేవారు

పోయిన దసరా సెలవుల్లో మా ఇంట్లో ఒక చిన్న పరాభవం జరిగింది. పరాభవం పన్నెండేళ్ళ మా మేనల్లుడిది. బాధ్యత మాత్రం నాది. ఆ సంగతి ఎక్కడో ఒకచోట చెప్పుకుంటే తప్ప మనసు కుదుటపడేలా లేదు. ఇంద్రజాలం మీద ఆసక్తి లేని మిత్రులు కూడా కాస్త ఓపికపట్టి చదువుతారన్న ఆశతో ఈ టపా రాస్తున్నాను.

వాడికి ఈమధ్య హస్తలాఘవం మీద మోజు పుట్టింది. "మామయ్యా, నాణెం మాయం చెయ్యడం నేర్చుకోవాలి, ఏ వీడియో చూడమంటావు?" అని వేసవిలోనే అడిగాడు. అంతర్జాలంలో అలాంటి పాఠాలు కొల్లలు. ఇరవయ్యేళ్ళుగా ఈ సరదా ఉన్నవాణ్ణి గనుక, పెద్దరికం చూపించుకునే అవకాశం వదులుకోలేక, నాలుగైదు వీడియోలు తిరగేసి ఒకటి ఎంచి, "ఇది చూడు, బ్రహ్మాండంగా ఉంది" అని పంపించాను. వాడు దాన్ని వేదంలా వల్లించాడు. మూడు నెలలు అద్దం ముందు నిలబడి సాధన చేశాడు.

బొమ్మల కొలువు చూడటానికి ఆ సాయంత్రం నలుగురు పేరంటాళ్ళు వచ్చారు. ఇద్దరు కుర్చీల్లో, ఇద్దరు చాపమీద, వాళ్ళ పిల్లలు గుమ్మం దగ్గరా కూర్చున్నారు. మా అమ్మ గోడవారగా తన పీటమీద ఉంది. మావాడు గది మధ్యలో నిలబడి పది రూపాయల నాణెం తీసి, కుడిచేతి వేళ్ళతో పట్టుకుని అందరికీ చూపించాడు. ఎడమచేతిలో వేసి గుప్పిట మూశాడు. ఊదాడు. చేతిపనిలో నాకు లోపమేమీ కనిపించలేదు. మూడు నెలల కష్టం వృథా పోలేదని లోలోపల మురిసిపోతున్నాను కూడా. వాడు గుప్పిట ఇంకా విప్పకముందే మా అమ్మ, "అదేమిటి నాన్నా, కుడిచేతిలోనే ఉంచేసుకున్నావు?" అంది, ఎంతో ఆప్యాయంగా, వాడేదో మరిచిపోతే గుర్తుచేస్తున్నట్టు.

అందరూ నవ్వారు. ఎవరి నవ్వులోనూ వెటకారం లేదు. కానీ పన్నెండేళ్ళ వయసులో ఆ తేడా తెలియదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. నాణెం జేబులో వేసుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. భోజనానికి పిలిచేదాకా బయటకు రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఫోను పట్టుకుని నా దగ్గరకొచ్చాడు. అందులో మూడు ప్రచార చిత్రాలు. మూడింటిదీ ఒకే బాణీ: ఊపు పుట్టించే సంగీతం, చీకటి వీధిలో ఒక యువకుడు, అతని చేతుల్లో ఏదో ఒక అద్భుతం, వెంటనే నోరు తెరిచి కేకలు వేసే జనం. ఒక్కొక్కటీ నిమిషమో నిమిషమున్నరో. "వీటిలో ఏది కొన్నా సాధన అక్కర్లేదట మామయ్యా, ఎవ్వరూ పట్టుకోలేరట. నా దగ్గర డబ్బులున్నాయి. ఏది కొనమంటావు?" పుట్టినరోజుకు, పండగలకు పెద్దలిచ్చిన డబ్బంతా వాడు దాచుకున్నాడు. అది ఆ మూడింటిలో ఒకదానికే సరిపోతుంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఒకసారి తప్పుడు తీర్పు చెప్పినవాడు రెండోసారి నోరు విప్పేముందు, మొదటి తప్పు ఎక్కడ జరిగిందో చూసుకోవాలి. సాయంత్రం దాకా గడువు అడిగి, ముందు మా అమ్మ దగ్గరకు వెళ్ళాను.

"అమ్మా, నిన్న వాడి నాణెం కుడిచేతిలో ఉందని నీకెలా తెలిసింది? కనిపించిందా?"

"నాకేం కనిపిస్తుందిరా ఈ కళ్ళకు? వాడు దాన్నే చూస్తున్నాడు కదా!" అంది.

*

ఇంద్రజాలం అనగానే మనకు రంగస్థలం, తెరలు, పెట్టెలో మనిషిని రెండుగా కోయడం గుర్తొస్తాయి. నేను చెబుతున్నది ఆ విద్య గురించి కాదు. ఇది చేయిచాపితే అందేంత దూరంలో కూర్చున్నవారి ముందు నాణేలతో, పేకముక్కలతో, చిన్న చిన్న బంతులతో చేసేది. వాత్స్యాయనుడు కామసూత్రాల్లో చెప్పిన అరవైనాలుగు కళల జాబితాలో ఐంద్రజాలం వేరుగా, హస్తలాఘవం వేరుగా లెక్కకు వస్తాయి. ఆ హస్తలాఘవమే ఈ విద్యకు సరైన పేరనిపిస్తుంది నాకు.

అమ్మ మాట విన్నాక, నేను సిఫారసు చేసిన వీడియోను మళ్ళీ మొదటినుంచీ చూశాను. వేసవిలో అది నాకెందుకు నచ్చిందో గుర్తుంది. నల్లటి గుడ్డ పరిచిన బల్ల, చక్కటి వెలుతురు, వేళ్ళ కదలిక ఒక్కొక్కటీ స్పష్టంగా కనిపించే దగ్గరి చిత్రణ. ప్రతి మెట్టూ నిదానంగా, విడమరిచి, మళ్ళీ మళ్ళీ చూపించారు. ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది అనుకున్నాను. ఈసారి చూస్తుంటే ఒక సంగతి తట్టి ఉలిక్కిపడ్డాను. పద్నాలుగు నిమిషాల ఆ పాఠంలో గురువుగారి ముఖం ఒక్కసారి కూడా కనిపించదు. మణికట్ల నుంచి వేళ్ళ కొసల దాకా తప్ప ఆయన దేహం తెరమీదకే రాలేదు. నాణెం ఎడమచేతిలో వేసినట్టు నటించే క్షణంలో ఆయన ఎటు చూస్తున్నాడు? తల ఎటు తిప్పాడు? ఆ మాటే లేదు. పాఠంలో లేనిది శిష్యుడికి ఎలా వస్తుంది? నాణెం జారిపోతుందేమో అన్న బెంగతో వాడు కుడిచేతినే చూస్తూ మూడు నెలలు సాధన చేశాడు. అద్దంలో కూడా కుడిచేతినే చూసుకుని ఉంటాడు.

(రహస్యం బయటపెడుతున్నానని ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. ఈ నాణెం పద్ధతి పిల్లల పుస్తకాల్లో కూడా ఉంటుంది. డబ్బును ఒక చేతి నుంచి మరో చేతికి మార్చినట్టు భ్రమింపజేసే కిటుకులను రెజినాల్డ్ స్కాట్ 1584లోనే ఇంగ్లండులో అచ్చువేయించాడు. మంత్రగత్తెలన్న నెపంతో అమాయకులను హింసించడం చూడలేక, గారడీవారు చేసేది చేతి నేర్పే తప్ప క్షుద్రవిద్య కాదని చెప్పడానికి రాసిన పుస్తకమది.)

చూపు ఎంత పని చేస్తుందో కొలిచి చూసినవారున్నారు. గుస్తావ్ కూన్, మైకేల్ లాండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగ ఫలితం ప్రకటించారు. ఒక ఇంద్రజాలికుడు చిన్న బంతిని రెండుసార్లు నిజంగా పైకి ఎగరవేసి పట్టుకుంటాడు. మూడోసారి ఎగరవేసినట్టు నటిస్తాడు. బంతి అరచేతిలోనే ఉండిపోతుంది. దీన్ని రెండు రకాలుగా వీడియో తీశారు. మొదటిదానిలో అతని చూపు, లేని బంతి వెంట పైకి వెళుతుంది. రెండోదానిలో బంతిని దాచిన చేతిమీదే నిలుస్తుంది. మొదటిది చూసినవారిలో 68 శాతం మంది బంతి పైకి వెళ్ళి మాయమవడం చూశామన్నారు. రెండోదానిలో అలా అన్నవారు 32 శాతమే. చేతి కదలిక అదే, బంతి అదే, మారింది చూపు ఒక్కటే. మరో విచిత్రం – బంతిని చూశామన్నవారి కళ్ళు ఆ పైభాగానికి చాలావరకు వెళ్ళనేలేదట. అవి ఇంద్రజాలికుడి ముఖం నుంచి ఆచూకీ తీసుకున్నాయి.

శాస్త్రజ్ఞులు పరికరాలు పెట్టి కనిపెట్టినదాన్ని మా అమ్మ పీటమీద కూర్చుని చెప్పింది. మనుషుల మధ్య బతికిన ప్రతివారికీ ఈ విద్య తెలుసు. ఎదుటివాడి మనసు ఎక్కడుందో తెలియాలంటే వాడి కళ్ళు చూస్తాం.

"కంటికన్నా చెయ్యి వేగం" అనే మాట లోకంలో బాగా చెలామణీలో ఉంది. ఈ విద్యలో ఎంతోకొంత తిరిగినవాడెవడూ దాన్ని నమ్మడు. చేతి వేగం కంటిని దాటదు. వేగంగా కదిలిన చెయ్యి ఇంకా ఎక్కువ అనుమానం రేపుతుంది. అర్జెంటీనాకు చెందిన రెనే లావండ్ (1928–2015) తొమ్మిదేళ్ళ వయసులో ప్రమాదంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. మిగిలిన ఎడమచేతితోనే పేకముక్కలతో అద్భుతాలు చేసేవాడు. అతని ప్రత్యేకత నిదానం. ఇంతకన్నా మెల్లగా చెయ్యడం కుదరదు సుమా అని చెబుతూ, అదే మాయను మరింత మెల్లగా చేసి చూపేవాడు. అతని ప్రదర్శనల వీడియోలు చూసినప్పుడల్లా నాకు వేళ్ళకన్నా ముఖమే గుర్తుంటుంది.

అందుకని నా మొదటి గీటురాయిని మార్చుకున్నాను. వేళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నాయా అని ఇంతకాలం అడిగేవాణ్ణి. ఇప్పుడు ముందుగా అడిగేది – గురువు ముఖం కనిపిస్తోందా? తాను ఎప్పుడు ఎటు చూస్తాడో, ఎందుకు చూస్తాడో చెబుతున్నాడా?

*

వీడియోలు లేని కాలంలో ఈ విద్య నేర్చినవారికి రెండే దారులుండేవి: గురువు, పుస్తకం. ఎర్డ్‌నేస్ అనే మారుపేరుతో 1902లో షికాగోలో వెలువడిన పేకముక్కల గ్రంథం ఇప్పటికీ చాలామందికి ప్రమాణం. రాసిందెవరో ఈనాటికీ తేలలేదు. కెనడాలో 1894లో పుట్టిన డాయ్ వెర్నన్ చిన్నతనంలోనే దాన్ని కంఠస్థం చేసినంత పనిచేసి, తరవాతి కాలంలో ఇంద్రజాలికులందరిచేతా 'ప్రొఫెసర్' అనిపించుకున్నాడు. పుస్తకంలో వేళ్ళ స్థానాలుంటాయి, బొమ్మలుంటాయి. ఒక స్థానం నుంచి మరోదానికి చెయ్యి ఎలా ప్రవహించాలో ఉండదు. ఆ ఖాళీని చదివేవాడు తానే పూరించుకోవాలి. తప్పుగా పూరించుకున్నవారు ఎందరో. ఆ పూరించుకోవడంలోనే తమదైన పద్ధతి సంపాదించుకున్నవారూ ఉన్నారు.

వీడియో ఆ ఖాళీని పోగొట్టింది. అది ఉపకారమే. లయ, నిదానం, ఒక కదలికకూ మరోదానికీ మధ్య ఉండే విరామం – వీటిని ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు. పుస్తకంలో నాకు ఆరు నెలలు కొరుకుడు పడని ఒక పేకముక్కల కిటుకు, వీడియోలో చూసిన పావుగంటకే బోధపడింది. ఆ ఋణం మరువలేను. అయితే దాంతోపాటు ఆ గురువుగారి దగ్గూ, హాస్యోక్తులూ, ముక్క చూపించేముందు భుజం ఎగరేసే అలవాటూ నాకు అంటుకున్నాయి. వాటిని వదిలించుకోవడానికి ఆరు నెలలు పట్టింది. లెక్క సరిపోయింది!

ఇక ప్రచార చిత్రాల సంగతి. 1997లో అమెరికా టెలివిజన్‌లో డేవిడ్ బ్లేన్ వీధి ఇంద్రజాల కార్యక్రమం ప్రసారమైంది. అందులో కెమెరా మాయకన్నా ఎక్కువగా దాన్ని చూసే జనం ముఖాలమీద నిలిచింది. అప్పటికి అది కొత్త సంగతి. తరవాత తరవాత ఈ పాఠాలు అమ్మేవారు దాన్ని ఒక సూత్రంగా మార్చుకున్నారు. చేతులు, కేక, చేతులు, కేక. చూసేవాడు ఆ కేకల్లో కొట్టుకుపోతాడు గానీ, చేతులనుంచి ముఖానికి దృశ్యం మారిన ఆ అరక్షణంలో ఏం జరిగిందని అడగడు. అసలు పని జరిగేది చాలాసార్లు ఆ అరక్షణంలోనే. నిజమైన ప్రేక్షకుడి కంటికి అలాంటి కత్తిరింపులు ఉండవు.

డాయ్ వెర్నన్ గురించి ఇంద్రజాలికులు తరతరాలుగా చెప్పుకునే సంఘటన ఒకటుంది. ఏ మాయనైనా మూడుసార్లు చూస్తే రహస్యం పట్టేస్తానని హూడినీ గొప్పలు పోయేవాడు. 1922లో షికాగోలో వెర్నన్ అతనిచేత ఒక ముక్క తీయించి, దానిమీద గుర్తు పెట్టించి, పేకలో పెట్టినా అది పైకి వచ్చేయడం చూపించాడు. మళ్ళీ చూపించాడు. మళ్ళీ మళ్ళీ చూపించాడు. హూడినీ పట్టుకోలేకపోయాడు. చేయిచాపితే అందే దూరం, కత్తిరింపు లేదు, కేకలు లేవు, ఎదుట కూర్చున్నవాడు ఓడిపోవడానికి ఇష్టపడని మనిషి. ఒక మాయకు పరీక్ష పెట్టాలంటే అలా పెట్టాలి.

కనుక నా రెండో గీటురాయి: మొదటినుంచి చివరిదాకా ఒక్క కత్తిరింపు లేకుండా, అపరిచితుల ముందు చేసిన ప్రదర్శన ఒకటైనా ఆ వీడియోలో ఉందా? లేకపోతే అది లేకపోవడానికి కారణం ఉండే ఉంటుంది.

*

మూడోది కోణం. దీనికి నేను రొక్కం చెల్లించి నేర్చుకున్న పాఠం ఒకటుంది. డీవీడీల రోజుల్లో, ప్రచార చిత్రం చూసి మతిపోయి, విదేశం నుంచి ఒకటి తెప్పించుకున్నాను. రహస్యం తెలిశాక అర్థమైందేమిటంటే, నా వెనక గోడ ఉండాలి, కుడిపక్క ఎవరూ ఉండకూడదు, చూసేవాడు నాకు సరిగ్గా ఎదురుగా, నా ఛాతీ ఎత్తులో తల పెట్టుకుని, కదలకుండా ఉండాలి. అలాంటి ప్రేక్షకుడు లోకంలో ఒక్కడే – కెమెరా. మా ఇళ్ళలో ఒకరు నేలమీద, ఒకరు మంచంమీద, పిల్లలు మన వెనక. ఆ డీవీడీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ మాయను ఒక్కసారి కూడా ఎవరికీ చూపించలేదు.

మన వీధుల్లో గారడీ చేసేవారు దీనికి పూర్తిగా విరుద్ధమైన స్థితిలో పనిచేసేవారు. నేలమీద కూర్చుని, చుట్టూ నాలుగువైపులా జనం మూగగా, బల్లా తెరా లేకుండా, బోర్లించిన గిన్నెల కింద బంతులను మాయం చేసి రప్పించేవారు. కేరళలో దీన్నే 'చెప్పుం పంతుం' అంటారు. ఆ రాష్ట్రంలో వాళకున్నం నంబూద్రి పేరు ఈ విద్యతో ముడిపడి ఉంది. అలా నేలమీద కూర్చుని నలుగురి మధ్యా పండిన విద్యకూ, ఒంటికన్ను పెట్టె ముందు మాత్రమే నిలిచే విద్యకూ ఉన్న దూరాన్ని కొనేవాడికి చెప్పాల్సిన బాధ్యత పాఠం చెప్పేవాడిది. "ఈ పక్క కూర్చున్నవారికి కనిపిస్తుంది, జాగ్రత్త" అని నోరు తెరిచి చెప్పే గురువు దొరికితే అతణ్ణి నమ్మవచ్చు.

కోణంతోపాటు మరో చిక్కుంది. గురువు మనకు ఎదురుగా కూర్చుని చూపిస్తే అతని కుడిచెయ్యి మనకు ఎడమవైపు కనిపిస్తుంది. చూసి చూడగానే అనుకరించే పిల్లలు చేతులు తారుమారు చేసుకుంటారు. గురువు భుజం వెనకనుంచి తీసిన దృశ్యం కూడా ఉంటే ఈ తికమక ఉండదు. చిన్న విషయమే. కానీ అది ఉన్న వీడియోను తీసినవాడు నేర్చుకునేవాణ్ణి తలచుకున్నాడని తెలుస్తుంది.

నాలుగోది సరంజామా. ఆ పాఠాల్లో ఎక్కువగా వాడేది అమెరికా అర్ధ డాలరు నాణెం. దాని వ్యాసం 30.6 మిల్లీమీటర్లు, అంచున సన్నటి గాళ్ళుంటాయి. పెద్దవాడి అరచేతి కండరాల మధ్య అది కుదురుగా నిలుస్తుంది. మన పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్లు. ఐదు రూపాయలది, రూపాయిది ఇంకా చిన్నవి. అరచేతిలో పట్టుకునే పద్ధతులు కొన్ని వీటితో కుదరనే కుదరవు. వేళ్ళ మొదట్లో దాచేవి కుదురుతాయి. పేకముక్కల సంగతీ అంతే. పోకర్ ముక్క వెడల్పు రెండున్నర అంగుళాలు, బ్రిడ్జి ముక్కది రెండుంపావు. పిల్లల చేతికి ఆ పావు అంగుళం చాలా పెద్దది. నా చేతికి, నా జేబులోని నాణేనికి ఆ పాఠం సరిపోతుందా అని అడగకపోతే, లోపం చేతిదనుకుని కుర్రవాళ్ళు కుంగిపోతారు.

ఐదోది కారణం. కుడిచేతిలో ఉన్న నాణేన్ని ఎడమచేతిలోకి ఎందుకు మారుస్తున్నాడు? జీవితంలో మనం ఊరికే అలా మార్చం. కుడిచేతితో మరో పని ఉంటేనే మారుస్తాం. జేబులోంచి కలం తీయాలి, లేదా బల్లమీది గ్లాసు జరపాలి. ఆ కారణం ఉంటే చూసేవారి మనసు నాణెం వెంట సహజంగా ఎడమచేతికి వెళుతుంది. మా వాడు నేర్చుకున్న పాఠంలో ఇది కూడా లేదు. ఏమీ లేకుండా మార్చి, ఏమీ లేని చేతిమీద ఊదడమే.

ఆరోది ఋణం. ఈ కిటుకు ఎవరిది, ఎవరి పద్ధతికి ఇది మార్పు అని గురువు చెబుతున్నాడా? మాయ వెనకాల ఉన్న పద్ధతికి కాపీరైటు రక్షణ లేదు. 2014లో అమెరికాలోని ఒక న్యాయస్థానం, టెల్లర్ అనే ప్రసిద్ధ ఇంద్రజాలికుడికి అనుకూలంగా తీర్పునిచ్చినప్పుడు కూడా, అతని అంకానికి మూకాభినయ నాటకంగానే రక్షణ కల్పించింది. కనుక ఈ విద్యలో కనిపెట్టినవాడికి దక్కేది చాలావరకు పేరే. ఆ పేరు కూడా చెప్పనివాడు మన డబ్బుకు మాత్రం న్యాయం చేస్తాడని ఎలా అనుకోను?

ఏడోది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది – తప్పు. నాణెం జారిపడితే ఏం చెయ్యాలి? ఎవరైనా "ఆ చేతిలో ఉంది" అంటే ఏమనాలి? ఈ ప్రశ్నలకు సమాధానం లేని పాఠం, అడవిదారి చూపించి పాముల సంగతి చెప్పనివాడిలాంటిది. మా వాడు ఆ రోజు గదిలోకి వెళ్ళిపోవాల్సి వచ్చింది నాణెం దొరికిపోయినందుకు కాదేమో. దొరికిపోతే ఏం చెయ్యాలో వాడికి ఎవరూ చెప్పకపోవడంవల్లనేమో. నేను కూడా చెప్పలేదు.

*

సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆ మూడు ప్రచార చిత్రాలనూ ఈ ఏడు ప్రశ్నలతో చూశాం. తీర్పు నేను చెప్పకుండా వాణ్ణే చెప్పమన్నాను. మొదటిదానిలో తొమ్మిది కత్తిరింపులున్నాయని వాడే లెక్కపెట్టాడు. రెండోదానిలో అతను ప్రతిసారీ గోడకు ఆనుకునే ఉన్నాడని వాడే కనిపెట్టాడు. మూడోదానిలో ఒక్క కత్తిరింపు లేని దృశ్యం ఉంది, గురువు ముఖమూ కనిపించింది. కానీ అందులో అతను వేసుకున్నది పొడుగు చేతుల కోటు. "నాకు కోటు లేదు కదా మామయ్యా" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. డబ్బు డబ్బాలోకే తిరిగి వెళ్ళింది.

తరవాత వాడికి ఒక్క పనే చెప్పాను. మాయ చెయ్యడం కొన్నాళ్ళు మానెయ్యి. నాణేన్ని నిజంగా ఎడమచేతిలో వెయ్యి. నిజంగా వేసినప్పుడు నీ కళ్ళు ఎటు వెళుతున్నాయో, ఎప్పుడు వెళుతున్నాయో, కుడిచెయ్యి ఎలా వదులవుతుందో గమనించు. ఇరవైసార్లు నిజంగా వేశాక ఒకసారి వెయ్యకుండా వేసినట్టు చెయ్యి. అప్పుడు కూడా కళ్ళు అలాగే వెళ్ళాలి. ఎడమచేతిలో నాణెం ఉందని ముందు నువ్వు నమ్మాలి. ఈ సలహా నా సొంతం కాదు. ఈ విద్య బాగా తెలిసిన గురువులు చెబుతూ వచ్చిందే. నేను చాలా వీడియోల్లో విన్నాను కూడా. విని, అది సాధన మొదలెట్టేముందు చెప్పే మంగళవాక్యం అనుకుని దాటవేశాను. అసలు పాఠం అదేనని తెలియడానికి మేనల్లుడి చెవులు ఎర్రబడాల్సి వచ్చింది.

సంక్రాంతికి మళ్ళీ వచ్చాడు. రాగానే మాయ చూపిస్తానేమీ అనలేదు. నేనూ అడగలేదు. కనుమనాటి మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. వాడు వెళ్ళి ఎదురుగా నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. జేబులోంచి పది రూపాయల నాణెం తీసి, "అమ్మమ్మా, దీనిమీద ఏ సంవత్సరం ఉందో చెప్పు" అని ఇచ్చాడు. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని చదివి తిరిగి ఇచ్చింది. "రాసుకుంటానుండు" అంటూ నాణేన్ని ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేత్తో జేబులోంచి కలం తీశాడు. ఎడమ గుప్పిటను చూస్తూ, సంవత్సరం గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఒక్క క్షణం ఆగాడు. తరవాత కలంతో గుప్పిటను తాకి, వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు.

మా అమ్మ ఆ ఖాళీ అరచేతినే చూస్తూ ఉండిపోయింది. చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉంది.

"ఏదీ?" అంది.

వాడు జవాబు చెప్పలేదు. తలెత్తి నావైపు చూశాడు. రహస్యం తెలిసిన నేను కూడా అంతసేపూ వాడి ఎడమచేతినే చూస్తూ ఉన్నానని అప్పుడే గమనించాను.